చిగుళ్ల నుంచి రక్తం రాకపోయినా ప్రమాదమే: ధూమపానం, నోటి బాక్టీరియా, గుండె జబ్బుల మధ్య సంబంధం ఏమిటి?

అడాజన్ (సూరత్): పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తే ఎవరికైనా ఆందోళన కలుగుతుంది. రాకపోతే చిగుళ్లు గట్టిగానే ఉన్నాయన్న ధీమా కలుగుతుంది. ధూమపానం చేసేవారి విషయంలో ఈ ధీమాకు ఆధారం లేదు. పొగాకు చిగుళ్ల వ్యాధిని తగ్గించదు, దాని లక్షణాన్ని మాత్రమే కప్పిపుచ్చుతుంది. లోపల పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతున్నా పైకి చిగురు పాలిపోయి, రక్తస్రావం లేకుండా, ఆరోగ్యంగా ఉన్నట్లే కనిపించవచ్చు. చాలామందికి పన్ను కదిలేదాకా సంగతి తెలియదు. ఈలోగా నోటిలో పెరిగిన హానికర బాక్టీరియా ప్రభావం నోటికే పరిమితం కాదనీ, గుండెకు రక్తాన్ని చేరవేసే ధమనుల ఆరోగ్యంతోనూ దానికి సంబంధం ఉందనీ గత మూడున్నర దశాబ్దాల పరిశోధనలు సూచిస్తున్నాయి.

ఈ సంబంధంలో రుజువైన భాగం ఎంత? ఇంకా తేలవలసినది ఎంత? పొగ మానేస్తే శరీరం ఏ మేరకు కోలుకుంటుంది? పొగాకును రోజువారీ అలవాటుగా చేసుకున్న కుటుంబాలకు ఈ ప్రశ్నలు ప్రాణప్రదమైనవి.

పొగాకుకు ఎన్ని రూపాలో

తాపీ నదికి కుడి గట్టున ఉన్న అడాజన్ సూరత్ నగరంలో విస్తరించిన నివాస ప్రాంతాలలో ఒకటి. నది దాటితే వజ్రాలు సానపట్టే కర్మాగారాలు, పవర్‌లూమ్ షెడ్లు, వస్త్ర విపణులు ఉంటాయి. మరమగ్గాల మీద బతుకు వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా లింబాయత్ తదితర ప్రాంతాలలో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ పరిధిలో తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుస్తున్నాయంటే ఇక్కడి తెలుగువారి సంఖ్యను ఊహించవచ్చు.

ఈ నగరంలో పొగాకు అనేక రూపాలలో దొరుకుతుంది. సిగరెట్టు, బీడీ ఉన్నాయి. వక్కముక్కలు, పొగాకు, సున్నం కలిపి అరచేతిలో నలిపి దవడన పెట్టుకునే మావా ఉంది. ఖైనీ ఉంది. గుజరాత్‌లో కొందరు మహిళలు చిగుళ్లకు రుద్దుకునే బజ్జర్ అనే పొడి పొగాకు కూడా ఉంది. గుజరాత్ ప్రభుత్వం 2012 సెప్టెంబరులో గుట్కాను నిషేధించింది. మావా వంటి అలవాట్లు మాత్రం పోలేదు.

2016-17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలోని వయోజనులలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. అంటే దాదాపు 26.7 కోట్ల మంది. పొగ తాగేవారు 10.7 శాతం కాగా, పొగరాని పొగాకు వాడేవారు 21.4 శాతం. గుజరాత్‌లో నమిలే పొగాకుదే పైచేయి. ఆంధ్రప్రదేశ్‌లో అందుకు భిన్నంగా పొగ తాగేవారే ఎక్కువ. అందువల్ల సూరత్‌లోని తెలుగు శ్రామికుడు ఊరి నుంచి తెచ్చుకున్న బీడీ అలవాటుకు ఇక్కడి మావాను జోడించుకునే అవకాశం ఉంది. రెండూ కలిస్తే ప్రమాదం ఎలా పెరుగుతుందో ముందు ముందు చూద్దాం.

నోరు ఒక జనసమ్మర్దమైన నగరం

మానవుని నోటిలో నివసించగల బాక్టీరియా జాతులు 700కు పైగా ఉన్నట్లు శాస్త్రవేత్తలు గుర్తించారు. పేగుల తరువాత శరీరంలో ఇంత వైవిధ్యం ఉన్న చోటు నోరే. 1683లో హాలండ్‌కు చెందిన లీవెన్‌హుక్ తన పళ్ల మీది పాచిని గీకి, సొంతంగా తయారుచేసుకున్న సూక్ష్మదర్శిని కింద చూసి, అందులో కదలాడుతున్న జీవులను వర్ణించాడు. బాక్టీరియాను మనిషి తొలిసారిగా చూసిన సందర్భాలలో అది ఒకటి.

ఈ జీవులన్నీ శత్రువులు కావు. అధిక భాగం మనకు హాని చేయనివే. కొన్ని మేలు కూడా చేస్తాయి. అవి పంటి ఉపరితలాన్ని ఆక్రమించి ఉండటం వల్ల హానికర జాతులకు చోటు దొరకదు. పళ్లు తోముకున్న కొద్ది గంటలకే మళ్లీ పాచి పొర ఏర్పడటం మొదలవుతుంది. ముందుగా స్ట్రెప్టోకాకస్ వర్గానికి చెందిన జాతులు పంటికి అంటుకుంటాయి. తరువాత ఫ్యూసోబాక్టీరియం వంటివి వంతెనలా నిలిచి, ఆమ్లజని లేనిచోట మాత్రమే బతికే జాతులకు దారి కల్పిస్తాయి. శుభ్రం చేయని పాచిలో లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడితే అదే గార. గార పట్టిన తరువాత బ్రష్షుతో ఎంత రుద్దినా పోదు.

పాచికీ చిగుళ్ల వాపుకూ ఉన్న సంబంధాన్ని డెన్మార్క్‌లో హెరాల్డ్ లో బృందం 1965లో నిస్సందేహంగా చూపింది. ఆరోగ్యవంతులైన 12 మంది పళ్లు తోముకోవడం మానేయగా, 10 నుంచి 21 రోజులలో అందరికీ చిగుళ్లు వాచాయి. తిరిగి శుభ్రత పాటించగానే వాపు తగ్గింది. ఈ తొలి దశ పూర్తిగా నయమవుతుంది. దానిని ఉపేక్షిస్తే కొందరిలో వాపు లోతుకు దిగి, పంటికీ చిగురుకూ మధ్య సందు పెరిగి, ఎముక కరిగే దశకు చేరుతుంది. వైద్యులు పెరియోడాంటైటిస్ అని పిలిచే ఈ దశలో పోయిన ఎముక సాధారణంగా తిరిగి రాదు. ఆరోగ్యవంతమైన చిగురులో ఈ సందు లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. 4 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే వ్యాధిని అనుమానిస్తారు.

ఈ లోతైన సందులలో ప్రధానంగా మూడు జాతులు కలిసి కనిపిస్తాయని అమెరికా పరిశోధకుడు సిగ్మండ్ సొక్రాన్‌స్కీ బృందం 1998లో గుర్తించింది. అవి పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సైథియా, ట్రెపోనీమా డెంటికోలా. ప్రమాద తీవ్రతను బట్టి వీటికి ‘ఎర్ర కూటమి’ అని పేరు పెట్టారు.

బాక్టీరియాకూ పరిసరాలకూ ఉన్న సంబంధం సూరత్ వాసులకు కొత్త పాఠం కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది మంది ఈ నగరాన్ని విడిచి వెళ్లారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు హయాంలో చెత్త తొలగింపు, కాలువల శుద్ధి, వీధుల ఊడ్పు ప్రతిరోజూ తప్పనిసరిగా జరిగే పనులయ్యాయి. కొద్దికాలంలోనే దేశంలోని శుభ్రమైన నగరాలలో సూరత్ పేరు వినిపించింది. వ్యాధి వచ్చినప్పుడు మందు అవసరమే. వ్యాధికారక జీవి స్థిరపడటానికి అనువైన పరిస్థితులను తొలగించడం అంతకంటె ముఖ్యం. నోటికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. పొగాకు చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని. అది హానికర జాతులకు అనువైన పరిస్థితులను కల్పిస్తుంది.

పొగ లోపలికి వెళ్లాక ఏమి జరుగుతుంది?

పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి. ఊపిరితిత్తుల కంటె ముందు వాటి తాకిడికి గురయ్యేది నోరే. ఈ పొగ మూడు విధాలుగా నోటి సమతౌల్యాన్ని దెబ్బతీస్తుంది.

మొదటిది ఆమ్లజని కొరత. పొగ వల్ల నోటిలోనూ, చిగుళ్ల సందులలోనూ ఆమ్లజని తగ్గుతుంది. గాలి అవసరమైన జాతులు క్షీణించి, గాలి లేకుండా బతికేవి బలపడతాయి. ఎర్ర కూటమిలోని మూడూ ఈ రెండో కోవకు చెందినవే.

రెండోది రక్షణ వ్యవస్థ బలహీనపడటం. చిగుళ్ల సందులకు కాపలా కాసే తెల్లరక్తకణాలు పొగాకు ప్రభావంతో సరిగా పనిచేయవు. సూక్ష్మజీవిని మింగి చంపే శక్తి తగ్గుతుంది. మరోవైపు కణజాలాన్ని దెబ్బతీసే రసాయనాలను అవి అదుపు లేకుండా విడుదల చేస్తాయి.

మూడోది బాక్టీరియా స్వభావంలోనే మార్పు. సిగరెట్టు పొగ సారానికి గురైన పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ తన ఉపరితలం మీది నూలుపోగుల వంటి ప్రోటీన్లను ఎక్కువగా తయారుచేసుకుంటుందనీ, వాటి సాయంతో అంటుకునే శక్తిని పెంచుకుంటూనే శరీరపు హెచ్చరిక వ్యవస్థను మందగింపజేస్తుందనీ అమెరికాలోని లూయీవిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో వెల్లడించారు.

మనుషులలో ఈ మార్పులను పెద్ద ఎత్తున పరిశీలించిన అధ్యయనం న్యూయార్క్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో జరిగి 2016లో ప్రచురితమైంది. 1,204 మంది అమెరికన్ వయోజనుల నోటి నమూనాలను జన్యు పద్ధతిలో విశ్లేషించారు. ఎన్నడూ పొగ తాగనివారి నోటిలో ప్రోటియోబాక్టీరియా అనే పెద్ద వర్గం వాటా 11.7 శాతం ఉండగా, పొగ తాగుతున్నవారిలో అది 4.6 శాతానికి పడిపోయింది. స్ట్రెప్టోకాకస్ వంటి కొన్ని జాతుల వాటా పెరిగింది. ఒకప్పుడు తాగి మానేసినవారి నోటిలో ఈ వర్గం వాటాకూ, ఎన్నడూ తాగనివారి వాటాకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఈ చివరి ఫలితమే అన్నిటికంటె ఆశాజనకమైనది.

రక్తం ఎందుకు కనిపించదు?

చిగురు వాచినప్పుడు అక్కడి సన్నని రక్తనాళాలు విప్పారి, తేలికగా రక్తం కారడం సహజ లక్షణం. ఇది ఒక రకంగా శరీరం చేసే హెచ్చరిక. ధూమపానం చేసేవారిలో చిగుళ్ల రక్తనాళాలు వాపుకు తగినట్లు స్పందించవు. అందువల్ల అదే స్థాయి వ్యాధి ఉన్నా రక్తస్రావం తక్కువగా ఉంటుంది. ధూమపానం చేసేవారికి చిగుళ్ల వ్యాధి ముప్పు ఇతరులకంటె సుమారు రెట్టింపు అని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. వ్యాధి ఎక్కువ, హెచ్చరిక తక్కువ కావడమే ఇక్కడి ప్రమాదం.

ఇందుకు మరో పార్శ్వం ఉంది. పొగ మానేసిన కొత్తలో కొందరికి చిగుళ్ల నుంచి రక్తం రావడం మొదలవుతుంది. బ్రిటన్‌లో 27 మందిపై జరిపి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, మానేసిన 4 నుంచి 6 వారాలలో రక్తం వచ్చే స్థానాలు 16 శాతం నుంచి 32 శాతానికి పెరిగాయి. దీనిని చూసి ‘మానేశాకే నోరు పాడైంది’ అనుకుని మళ్లీ బీడీ ముట్టించడం పొరపాటు. అణగిపోయిన స్పందన తిరిగి వచ్చిందనడానికి అది గుర్తు. అప్పుడు కావలసింది దంతవైద్యుని వద్ద శుభ్రపరిపించుకోవడం.

నోటి నుంచి గుండె దాకా

చిగుళ్ల సందులలోని బాక్టీరియా గుండెను ఎలా ప్రభావితం చేయగలదు? పరిశోధకులు ప్రధానంగా మూడు మార్గాలను ప్రస్తావిస్తున్నారు.

వాచిన చిగురు లోపలి గోడ పుండు వంటిది. నమిలినప్పుడు, పళ్లు తోముకున్నప్పుడు అక్కడి నుంచి బాక్టీరియా రక్తంలోకి ప్రవేశిస్తుంది. సాధారణంగా శరీరం వాటిని నిమిషాలలో తుడిచిపెడుతుంది. అయితే తీవ్రమైన చిగుళ్ల వ్యాధి ఉన్నవారిలో ఈ చొరబాటు పదే పదే జరుగుతుంది. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ రక్తనాళాల లోపలి పొర కణాలలోకి చొచ్చుకుపోగలదని ప్రయోగశాలలో తేలింది. మెడలోని ధమనుల నుంచి శస్త్రచికిత్స ద్వారా తొలగించిన 50 కొవ్వు పేరుకున్న నమూనాలను అమెరికా పరిశోధకులు పరిశీలించగా, 44 శాతం వాటిలో చిగుళ్ల వ్యాధికి కారణమయ్యే ఒక జాతి అయినా ఆనవాళ్లు కనిపించాయి. ఈ ఫలితం 2000లో ప్రచురితమైంది.

రెండో మార్గం వాపు. చిగుళ్లలో ఏళ్ల తరబడి సాగే వాపు వల్ల రక్తంలో సి-రియాక్టివ్ ప్రోటీన్ వంటి సూచికలు పెరుగుతాయి. ధమనులలో కొవ్వు పేరుకోవడం కూడా మౌలికంగా వాపుతో ముడిపడిన ప్రక్రియే. ఆ కొవ్వు పొర చిట్లి, దానిపై రక్తం గడ్డకట్టినప్పుడే గుండెపోటు వస్తుంది.

మూడో మార్గం రక్తం గడ్డకట్టే స్వభావం. నోటిలోని కొన్ని జాతులు రక్తఫలకికలను ఒకదానికొకటి అంటుకునేలా చేయగలవు. పొగాకు కూడా నేరుగా ఇదే పని చేస్తుంది. రెండు ప్రభావాలూ ఒకే దిశలో సాగుతాయి.

మేలు చేసే జాతుల క్షీణతకు సంబంధించిన కోణం కూడా ఉంది. పాలకూర, తోటకూర, బీట్‌రూట్ వంటి వాటిలోని నైట్రేట్‌ను నాలుక మీది నైసీరియా, రోథియా వంటి బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తాయి. శరీరం దాని నుంచి నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసుకుంటుంది. రక్తనాళాలను విప్పార్చి రక్తపోటును అదుపులో ఉంచే ఈ వాయువు పాత్రను కనుగొన్నందుకు రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. లండన్‌లో 19 మంది ఆరోగ్యవంతులు వారం పాటు క్రిమిసంహారక ద్రవంతో నోరు పుక్కిలించగా వారి రక్తపోటు 2 నుంచి 3.5 పాయింట్ల మేరకు పెరిగినట్లు 2013లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ధూమపానం వల్ల తగ్గిపోయే ప్రోటియోబాక్టీరియా వర్గంలోనే నైసీరియా కూడా ఉంది. ఈ నష్టం వల్ల గుండెకు ఎంత హాని కలుగుతుందన్నది ఇంకా లెక్క తేలవలసిన విషయమే గాని, నోటిలోని బాక్టీరియా అంతటినీ చంపడమే ఆరోగ్యమన్న భావన సరికాదని మాత్రం స్పష్టమైంది. వైద్యుడు సూచించిన కాలానికి మించి క్రిమిసంహారక ద్రవాలను వాడకపోవడం మంచిది.

రుజువైనది ఎంత, కానిది ఎంత?

చిగుళ్ల వ్యాధి వల్లనే గుండెపోటు వస్తుందని ఖాయంగా చెప్పవచ్చా? ప్రస్తుతానికి చెప్పలేము.

ఈ చర్చకు ఊపునిచ్చినది ఫిన్లాండ్ అధ్యయనం. కిమ్మో మట్టిలా బృందం 1989లో గుండెపోటుకు గురైన 100 మందినీ, ఇతరులు 102 మందినీ పోల్చి, మొదటి వర్గంలో దంతాల ఆరోగ్యం అధ్వానంగా ఉందని చూపింది. తరువాత అనేక దేశాలలో ఇలాంటి ఫలితాలే వచ్చాయి. కాని పొగాకు చిగుళ్లనూ పాడుచేస్తుంది, గుండెనూ పాడుచేస్తుంది. రెండు వ్యాధులూ ఒకే మనిషిలో కనిపించడానికి ఉమ్మడి మూలం పొగాకే అయినప్పుడు, ఒకటి రెండోదానికి కారణమని ఎలా అనగలం? ఈ అభ్యంతరాన్ని శాస్త్రవేత్తలే లేవనెత్తారు.

స్వీడన్‌లో జరిగి 2016లో వెలువడిన అధ్యయనం ఈ చిక్కును విప్పడానికి ప్రయత్నించింది. తొలిసారి గుండెపోటు వచ్చిన 805 మందిని, అదే వయసు, అదే ప్రాంతానికి చెందిన 805 మందితో పోల్చారు. చిగుళ్ల వ్యాధి మొదటి వర్గంలో 43 శాతం మందికి, రెండో వర్గంలో 33 శాతం మందికి ఉంది. ధూమపానం, మధుమేహం, చదువు తదితర అంశాల ప్రభావాన్ని మినహాయించాక కూడా చిగుళ్ల వ్యాధి ఉన్నవారిలో గుండెపోటు అవకాశం 28 శాతం అధికంగా తేలింది. అంటే సంబంధంలో కొంత భాగం పొగాకుకు చెందినది, కొంత భాగం మిగిలి ఉంది.

చికిత్స వల్ల లాభం ఉంటుందా అన్న ప్రశ్నకు పాక్షికమైన జవాబు 2007లో లభించింది. తీవ్ర చిగుళ్ల వ్యాధి ఉన్న 120 మందిపై లండన్‌లో జరిగిన పరిశోధనలో, సమగ్ర చికిత్స పొందినవారి రక్తనాళాల విప్పారే శక్తి ఆరు నెలలకు మెరుగుపడింది. అయితే రక్తనాళం మెరుగుపడటం వేరు, గుండెపోట్లు తగ్గడం వేరు. అందుకే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో ఆధారాలన్నిటినీ సమీక్షించి, రెండు వ్యాధుల మధ్య ఇతర కారణాలకు అతీతమైన సంబంధం ఉందని అంగీకరిస్తూనే, అది కార్యకారణ సంబంధమని గాని, చిగుళ్ల చికిత్స గుండెపోటును నివారిస్తుందని గాని తేలలేదని స్పష్టం చేసింది.

ఇందుకు భిన్నంగా, నోటి బాక్టీరియా గుండెకు నేరుగా హాని చేస్తుందని నిస్సందేహంగా రుజువైన సందర్భం ఒకటుంది. అది గుండె లోపలి పొరకు, కవాటాలకు సోకే ఎండోకార్డైటిస్. కృత్రిమ కవాటం ఉన్నవారికీ, గతంలో ఈ వ్యాధి వచ్చినవారికీ, కొన్ని రకాల పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు ఉన్నవారికీ పన్ను పీకే ముందు యాంటీబయాటిక్ ఇచ్చేది ఇందుకే. అటువంటివారు తమ గుండె పరిస్థితిని దంతవైద్యునికి ముందుగానే తెలియజేయాలి.

పొగాకు నేరం మాత్రం రుజువైనదే

బాక్టీరియా పాత్రపై చర్చ ఎలా ఉన్నా, పొగాకు నేరుగా గుండెకు చేసే హానిలో సందేహం లేదు. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆమ్లజని స్థానాన్ని ఆక్రమిస్తుంది. నికోటిన్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. పొగలోని ఇతర రసాయనాలు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి.

భారతదేశంతో సహా 52 దేశాలలో 27,089 మందిని పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం పొగాకుపై వెలువరించిన 2006 నాటి ఫలితాలు మన పాఠకులకు ప్రత్యేకంగా పనికివస్తాయి. పొగాకు వాడనివారితో పోల్చితే పొగ తాగేవారిలో గుండెపోటు ముప్పు 2.95 రెట్లు. బీడీ మాత్రమే తాగేవారిలో 2.89 రెట్లు. పొగాకు నమిలేవారిలో 2.23 రెట్లు. తాగడం, నమలడం రెండూ ఉన్నవారిలో 4.09 రెట్లు. బీడీ సిగరెట్టుకంటె తేలికైనదన్న భ్రమకు, మావాలో పొగ లేదు గనుక గుండెకు భయం లేదన్న వాదనకు ఈ అంకెలు చాలు. వారానికి 21 గంటలకు మించి ఇతరుల పొగ పీల్చినవారిలోనూ ముప్పు 1.62 రెట్లుగా తేలింది. ఇరుకు గదులలో కలిసి నివసించే కార్మికులు, ఇంట్లో పొగ తాగేవారి భార్యాపిల్లలు గమనించవలసిన అంకె ఇది.

తగ్గించుకుంటే చాలదా అన్నది మరో ప్రశ్న. 141 అధ్యయనాలను క్రోడీకరించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2018లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, రోజుకు ఒక్క సిగరెట్టు తాగే పురుషులు సైతం రోజుకు 20 తాగేవారికి ఉండే అదనపు ముప్పులో దాదాపు సగాన్ని మోస్తున్నారు. మహిళలలో అది సుమారు మూడో వంతు. గుండె విషయంలో సురక్షితమైన పరిమాణం అంటూ లేదు.

తెలుగు నేలపై అడ్డపొగ

పొగాకుకూ నోటికీ ఉన్న సంబంధంపై ప్రపంచ వైద్య సాహిత్యంలో తెలుగు నేలకు ప్రత్యేక స్థానం ఉంది. ఉత్తరాంధ్ర తీర గ్రామాలలో, ముఖ్యంగా మహిళలలో, చుట్ట నిప్పు ఉన్న కొసను నోటి లోపల ఉంచుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉండేది. ఇప్పటికీ వృద్ధులలో కనిపిస్తుంది. గాలికి చుట్ట ఆరిపోకుండా, చేతులు పనిలో ఉన్నా తాగడానికి వీలుగా ఈ పద్ధతి కుదిరిందని చెబుతారు. పిండ్‌బోర్గ్, మెహతా తదితర పరిశోధకులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలిపై ఏర్పడే మచ్చలను, పుండ్లను 1971లో వివరించారు. అరుదుగా వచ్చే అంగిలి కేన్సర్ ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించడానికి ఈ అలవాటే కారణమని పరిశోధకులు గుర్తించారు.

మరోవైపు పొగాకు ఎందరికో జీవనాధారం కూడా. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉంది. నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాలలో మగవారు మగ్గం కోసం సూరత్, భీవండి దారి పట్టగా, ఇంటి వద్ద బీడీలు చుట్టి సంసారం నడిపిన మహిళలు వేలల్లో ఉన్నారు. పొగాకు మానమని చెప్పేవారు ఈ వాస్తవాన్ని మరచి, తాగేవారిని నిందించి లాభం లేదు. అలవాటు వెనుక దీర్ఘమైన పని గంటలు, ఒంటరితనం, చౌకగా దొరికే సరుకు ఉన్నాయి.

మానేస్తే ఏమి దక్కుతుంది?

ఇంటర్‌హార్ట్ లెక్కల ప్రకారం, మానేసిన మూడేళ్లలోపే గుండెపోటు ముప్పు 2.95 రెట్ల నుంచి 1.87 రెట్లకు దిగుతుంది. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజులలోనే సాధారణ స్థాయికి చేరుతుంది. నోటి బాక్టీరియా సమతౌల్యం క్రమంగా కోలుకుంటుంది. చిగుళ్లకు చేసే చికిత్స ఫలించే అవకాశం పెరుగుతుంది. కరిగిన ఎముక తిరిగి రాకపోయినా, ఉన్నది నిలుస్తుంది.

ఇందుకు చేయవలసిన పనులు కష్టసాధ్యమైనవి కావు. పొగాకు వాడేవారు రక్తం రావడం లేదని ఊరుకోకుండా ఆరు నెలలకొకసారి చిగుళ్ల సందుల లోతు కొలిపించుకోవాలి. గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం నిరాధారం. గార ఆక్రమించిన చోటు ఖాళీ కావడం వల్ల కొన్నాళ్లు వదులైనట్లు అనిపించవచ్చు గాని, పంటి పట్టును సడలించేది గార పెంచే వ్యాధే. రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్షుతో తోముకోవాలి. పొగాకు పొడితో పళ్లు తోముకోవడం మానాలి. పళ్లపొడులు, పేస్టులలో పొగాకు వాడకాన్ని కేంద్రం 1992లోనే నిషేధించింది. మావాలోని వక్క వల్ల నోరు సరిగా తెరుచుకోకపోతే, మానని పుండు గాని, తెల్లని లేదా ఎర్రని మచ్చ గాని రెండు వారాలకు మించి ఉంటే వెంటనే పరీక్ష చేయించుకోవాలి. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ల వ్యాధి రక్తంలో చక్కెరను అదుపు తప్పిస్తుంది, పెరిగిన చక్కెర చిగుళ్లను మరింత దెబ్బతీస్తుంది. వారు రెట్టింపు జాగ్రత్త వహించాలి.

ఛాతీలో బరువు, ఎడమ చేయికి గాని దవడకు గాని పాకే నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే అది గుండెపోటు కావచ్చు. దవడ నొప్పిని పంటి నొప్పిగా పొరబడి కాలయాపన చేయరాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

సొంతంగా మానడం సాధ్యం కానివారి కోసం కేంద్ర ఆరోగ్య శాఖ 1800-11-2356 నంబరుతో ఉచిత సహాయవాణిని నిర్వహిస్తోంది. నికోటిన్ గమ్, మందులు, వైద్యుని సలహా తోడైతే మానగలిగే అవకాశం పెరుగుతుంది. మొదటి ప్రయత్నం విఫలమైనంత మాత్రాన నిరాశపడనవసరం లేదు. మానినవారిలో చాలామంది ఒకటికి మించి ప్రయత్నాలు చేసినవారే.

చిగుళ్ల బాక్టీరియా గుండెపోటుకు స్వయంగా కారణమా, లేక పొగాకు చేసే హానికి తోడుదొంగ మాత్రమేనా అన్న వాదన పరిశోధనశాలల్లో ఇంకా సాగుతుంది. అయితే రెండు సందర్భాలలోనూ పాటించవలసిన జాగ్రత్త ఒక్కటే గనుక, ఆ తీర్పు వెలువడేదాకా ఎవరూ వేచి ఉండవలసిన పని లేదు.